రైలు ఆగినా తెగిపోని లైను: మిస్సోరీ కేటీ ట్రైల్ సమీక్ష

మిస్సోరీలో ఏళ్ల తరబడి ఉంటూ కూడా కేటీ ట్రైల్ గురించి సరిగా తెలియని తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. సెయింట్ లూయిస్ శివార్లలోని మనవాళ్లు మూడు రోజులు సెలవు దొరికితే షికాగోకో స్మోకీ పర్వతాలకో బయలుదేరతారు గాని, కాస్త దూరంలోనే ఒక పాత రైలు దారి నడకకూ సైకిలుకూ సిద్ధంగా ఉందన్న సంగతి వాళ్ల లెక్కలోకి రాదు. పశ్చిమాన క్లింటన్ పట్టణం నుంచి తూర్పున సెయింట్ చార్లెస్ దాటి మాచెన్స్ దాకా, దాదాపు 240 మైళ్ల పొడవున సాగే ఈ దారిని రాష్ట్ర ప్రభుత్వం స్టేట్ పార్కుగా నిర్వహిస్తోంది. ప్రవేశ రుసుము లేదు, ముందుగా పేరు నమోదు చేసుకోనక్కర లేదు, ఏడాది పొడవునా సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా ఎవరైనా వెళ్లవచ్చు. నా మటుకు నాకు ఈ రాష్ట్రం ప్రజలకు అందిస్తున్న సౌకర్యాల్లో ఇంతకు మించినది మరొకటి కనిపించలేదు. అలా ఎందుకు అంటున్నానో చెప్పాలంటే దారి ఎలా ఉందన్నది ఒక్కటే చెబితే సరిపోదు. ఒక రైల్వే కంపెనీ వద్దనుకున్న లైను ముక్కలు కాకుండా ఎలా నిలిచిందో కూడా చెప్పాలి. అక్కడ మనం అనుభవించే సుఖమంతా ఆ నిర్ణయం మీదే ఆధారపడి ఉంది.

ఈ లైను మిస్సోరీ–కాన్సస్–టెక్సస్ రైల్‌రోడ్‌ది. 1870లో పుట్టిన ఆ కంపెనీని జనం ముద్దుగా కేటీ అని పిలిచేవారు, దారికీ ఆ పేరే మిగిలింది. మిస్సోరీ నదిని ఆనుకుని సెయింట్ లూయిస్ వైపు సాగే భాగాన్ని 1890లలో వేశారు. నది పక్కన సమతలంగా ఉన్న నేల రైలు వేయడానికి అనువుగానే ఉంటుంది గాని, ఆ నేలను నది ఎప్పుడు అడిగినా తిరిగి ఇవ్వవలసిందే. వరద వచ్చిన ప్రతిసారీ కట్ట కోసుకుపోయి, కంకర కొట్టుకుపోయి, మరమ్మతుల ఖర్చు పెరుగుతూ వచ్చింది. 1986 శరదృతువులో వచ్చిన పెద్ద వరద తరువాత, ఆ ఏడాది అక్టోబరు 4న సెడేలియా నుంచి మాచెన్స్ దాకా రైళ్లు పూర్తిగా నిలిచిపోయాయి. రెండేళ్లకే, 1988లో, కేటీ కంపెనీయే యూనియన్ పసిఫిక్‌లో కలిసిపోయింది.

అమెరికాలో రైల్వే కంపెనీ తనకు నష్టం వస్తోందని ఒక లైనును తనంతట తాను మూసేయడానికి వీల్లేదు. ఫెడరల్ అనుమతి కావాలి. అప్పట్లో ఆ అనుమతి ఇంటర్‌స్టేట్ కామర్స్ కమిషన్ ఇచ్చేది, 1996 నుంచి సర్ఫేస్ ట్రాన్స్‌పోర్టేషన్ బోర్డు ఇస్తోంది. రైల్వేల మీద ప్రభుత్వ ఆంక్షలు సడలిస్తూ 1980లో వచ్చిన స్టాగర్స్ చట్టం తరువాత ఆ అనుమతి దొరకడం తేలికై, దేశమంతటా బ్రాంచి లైన్లు వరసగా మూతపడ్డాయి. అసలు చిక్కు అనుమతి వచ్చాక మొదలవుతుంది. రైలు కట్ట కింది భూమి అన్ని చోట్లా కంపెనీ కొన్నది కాదు. చాలా చోట్ల రైతు తన పొలం గుండా రైలు పోవడానికి మాత్రమే హక్కు ఇచ్చి ఉంటాడు. రైలు శాశ్వతంగా ఆగిపోయిందని చట్టప్రకారం తేలిన రోజున ఆ హక్కు రద్దయి భూమి పక్క పొలంలో కలిసిపోతుంది. అలా ఒక్క మైలు పోయినా లైను లైనుగా ఉండదు. ఆ తరువాత ఎంత డబ్బు పెట్టినా వందలాది యజమానుల దగ్గర నుంచి తిరిగి సేకరించడం దాదాపు అసాధ్యం.

దీనికి విరుగుడుగా 1983లో అమెరికా కాంగ్రెసు జాతీయ బాటల చట్టానికి ఒక సవరణ చేసింది. రాష్ట్రమో నగరమో స్వచ్ఛంద సంస్థో ముందుకు వచ్చి, పన్నులూ నిర్వహణా ప్రమాద బాధ్యతా తామే మోస్తామంటే, లైను మూతపడినట్లు లెక్కించకుండా, భవిష్యత్తులో మళ్లీ రైలు నడిపే హక్కును అట్టే పెట్టి, అంతవరకూ బాటగా వాడుకోవచ్చన్నది దాని సారం. దీన్నే రైల్ బ్యాంకింగ్ అంటారు. పట్టాలు తీస్తారు, స్లీపర్లు తీస్తారు, కాని కట్టనూ వంతెనలనూ హక్కునూ కదపరు. గోదావరి జిల్లాల వారికి ఈ విషయం విడమరిచి చెప్పనక్కర లేదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పట్టాలు పెరికేసిన కాకినాడ–కోటిపల్లి లైను మీద మళ్లీ రైలు తిరగడానికి 2004 దాకా ఆగవలసి వచ్చింది. ఒకసారి పోయిన లైను తిరిగి రావడానికి ఎన్ని తరాలు పడుతుందో అక్కడి పెద్దలు చూశారు.

కేటీ లైనుకు ఆ కొత్త చట్టం సరిగ్గా సమయానికి అందింది. ఎడ్వర్డ్ జోన్స్ పెట్టుబడుల సంస్థను నడిపిన టెడ్ జోన్స్, విస్కాన్సిన్‌లోని ఎల్‌రాయ్–స్పార్టా రైలు బాట మీద సైకిలు తొక్కి వచ్చి, అలాంటిది మిస్సోరీలో ఉండాలని పట్టుబట్టారు. లైను హక్కు కొనడానికి 2 లక్షల డాలర్లు, బాటను తయారు చేయడానికి 20 లక్షల డాలర్లు ఆయనా ఆయన భార్య ప్యాట్ ఇచ్చారు. మొదటి భాగం 1990 ఏప్రిల్‌లో రోష్‌పోర్ట్ దగ్గర తెరుచుకుంది, ఆ ఏడాది అక్టోబరులోనే టెడ్ జోన్స్ కన్నుమూశారు. సెడేలియా నుంచి క్లింటన్ దాకా ఉన్న 33 మైళ్లను తరువాత 1991లో యూనియన్ పసిఫిక్ విరాళంగా ఇచ్చింది.

ఈ కథలో రైతుల పక్షం కూడా చెప్పకపోతే అన్యాయమవుతుంది. తాతలు రైలు కోసమని ఇచ్చిన నేల రైలు పోయాక తమదవుతుందని వాళ్లు తరాలుగా నమ్మారు. ఆ నేల మీద ఇప్పుడు ముక్కూమొహం తెలియని వాళ్లు రోజంతా తిరుగుతారంటే వాళ్లకు కలిగిన కోపం, పొలం ఉన్న ఇంట్లో పుట్టిన ఎవరికైనా అర్థమవుతుంది. వాళ్లు కోర్టులకు వెళ్లారు. వెర్మాంట్ రాష్ట్రానికి చెందిన ఇలాంటి వివాదంలోనే 1990లో అమెరికా సుప్రీంకోర్టు రైల్ బ్యాంకింగ్ చట్టం చెల్లుతుందని చెబుతూ, భూమి కోల్పోయామనుకునే వారు ఫెడరల్ ప్రభుత్వం నుంచి పరిహారం కోరవచ్చని కూడా స్పష్టం చేసింది. 2000లో ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టు కేటీ దారి పక్కనున్న కొందరు భూయజమానుల పక్షాన తీర్పు ఇచ్చింది. బాటా నిలిచింది, రైతుకు పరిహారం దొరికే మార్గమూ తెరుచుకుంది. ముందే పరిహారం లెక్కగట్టి ఇచ్చి ఉంటే ఇంత కాలం మనసులు చెడేవి కావని నా అభిప్రాయం.

ఇక దారి సంగతి. సన్నగా నలగ్గొట్టిన సున్నపురాయి పరిచి గట్టిగా తొక్కించిన బాట ఇది. ఇద్దరు పక్కపక్కన సైకిలు తొక్కుతూ మాట్లాడుకోవడానికి చాలినంత వెడల్పు ఉంటుంది. దీని గొప్ప గుణం వాలు. వందల టన్నుల సరుకు లాగే ఇంజను కోసం వేసిన కట్ట కాబట్టి నిట్టూర్చే ఎత్తు ఎక్కడా రాదు, నది పక్క భాగమైతే దాదాపు సమతలమే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లూ, అప్పుడే సైకిలు నేర్చుకున్న పిల్లలూ ఇబ్బంది పడకుండా వెళ్లగలరు. ఇండియా నుంచి వచ్చి, ఇంట్లో కూర్చుని విసిగిపోయే అమ్మానాన్నలను తీసుకెళ్లడానికి ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు. ఉదయపు నడకకు అలవాటు పడ్డవారికి రోడ్డు దాటే భయం లేకుండా మైళ్ల కొద్దీ దారి దొరకడం ఈ దేశంలో చిన్న విషయం కాదు. రాళ్లమీది మైలు అంకెలు కూడా రైల్వే వాటికి కొనసాగింపే. సెయింట్ చార్లెస్ 39 దగ్గర, రోష్‌పోర్ట్ 178 దగ్గర, క్లింటన్ 264 దగ్గర వస్తాయి. ఆ అంకెల మధ్య తేడా చూసుకుంటే ఏ ఊరు ఎంత దూరమో పటం లేకుండానే తెలిసిపోతుంది.

మొదటిసారి వెళ్లేవారు రోష్‌పోర్ట్‌లో మొదలుపెట్టి తూర్పుగా మెక్‌బేన్ దాకా వెళ్లి తిరిగి రావాలని నా సలహా. ఒక వైపుకు తొమ్మిది మైళ్లు కూడా నిండదు. బయలుదేరే ముందు ఊరికి పడమట ఉన్న సొరంగం దాకా ఒకసారి వెళ్లి చూడండి. మొత్తం దారిలో ఉన్నది ఇదొక్కటే, పొడవు 243 అడుగులు. రాతి కమాను కిందికి అడుగు పెట్టగానే ఎండాకాలంలో కూడా ఒళ్లంతా చల్లబడుతుంది. లోపల నిలబడి చూస్తే అటూ ఇటూ పచ్చని వెలుతురు మాత్రమే గుండ్రంగా కనిపిస్తుంది, చక్రాల కింద రాతి నలుసుల చప్పుడు గోడలకు తగిలి రెట్టింపవుతుంది. అక్కడి నుంచి వెనక్కి వచ్చి ఊరు దాటితే ఒక చేతి పక్కన మిస్సోరీ నది, మరో చేతి పక్కన నిటారుగా లేచిన సున్నపురాతి కొండచరియ. రెండింటి మధ్య రైలు కట్ట పట్టేంత చోటే ఉంది. 1804 జూన్‌లో పడమటి ప్రాంతాలను అన్వేషించడానికి బయలుదేరిన లూయిస్, క్లార్క్ బృందం ఈ చరియల దగ్గర రాతి మీద గీసిన బొమ్మలు చూసినట్లు తమ దినచర్యలో రాసుకుంది. మెక్‌బేన్ దగ్గర పొలాల మధ్య ఒంటరిగా నిలిచిన బ్రహ్మాండమైన ఓక్ చెట్టు ఉంది. 2020లో పిడుగు పడి లోపల కాలినా చచ్చిపోలేదు.

మెక్‌బేన్ దగ్గరే కొలంబియా నగరం నుంచి వచ్చే బాట కలుస్తుంది. అది కూడా ఒకప్పటి కేటీ బ్రాంచి లైనే. ప్రధాన లైను కంటే ముందే, 1977లో, కంపెనీ దాన్ని వదిలేస్తే నగరం చేతికి తీసుకుని బాటగా మార్చింది. మిస్సోరీ విశ్వవిద్యాలయంలో చదువుతున్న మన విద్యార్థులు కారు లేకపోయినా నగరం మధ్య నుంచి దాదాపు తొమ్మిది మైళ్లు తొక్కుకుంటూ నది ఒడ్డుకు చేరవచ్చు. దారిలో చిన్న చిన్న వంతెనలు చాలా వస్తాయి, చెట్ల నీడ పుష్కలంగా ఉంటుంది. ఇంత చిన్న బ్రాంచిని ఆనాడు నగరం పట్టించుకోకపోయి ఉంటే ఆ విద్యార్థులకు కేటీ ట్రైల్ కారున్న స్నేహితుల దయ మీద ఆధారపడే చోటుగానే ఉండిపోయేది.

రోష్‌పోర్ట్ నుంచి పశ్చిమంగా వెళితే బూన్‌విల్ వస్తుంది. అక్కడి రైలు వంతెన 1932 నాటిది. పడవలు పోవడానికి మధ్య భాగాన్ని నిలువుగా పైకెత్తే ఏర్పాటు ఉంది, ఆ ఎత్తే భాగమే 408 అడుగుల పొడవు. యూనియన్ పసిఫిక్ ఈ వంతెన ఇనుమును విప్పి ఓసేజ్ నది మీద మరో వంతెనకు వాడుకోవాలనుకుంది. వంతెన పోతే లైను తెగినట్లవుతుందని, అప్పుడు మొత్తం బాట మీది రైల్ బ్యాంకింగ్ హక్కుకే ముప్పు రావచ్చని వాదిస్తూ 2005లో అప్పటి రాష్ట్ర అటార్నీ జనరల్ జే నిక్సన్ కోర్టుకు వెళ్లారు. చివరికి 2010లో కంపెనీ ఆ వంతెనను బూన్‌విల్ నగరానికే ఇచ్చేసింది, 2016లో ఊరి వైపు భాగం మీద నడకదారి తెరిచారు. ఎత్తే భాగం పైనే ఉండిపోయింది గనుక దాని మీదుగా నది దాటలేం, కేటీ ట్రైల్ పక్కనున్న రోడ్డు వంతెన మీద నుంచి పోతుంది. అయినా ఆ ఇనుప స్తంభాల కిందికి నడిచి వెళ్లి చూడడం తప్పనిసరి అంటాను. లైను తెగకుండా ఉండడం కోసం ఎంత పట్టుదల అవసరమైందో ఆ వంతెన దగ్గర నిలబడితే తెలుస్తుంది.

అన్ని భాగాలూ ఒకే తీరుగా ఉండవు. జెఫర్సన్ సిటీకి తూర్పున టెబెట్స్, మొకేన్ వైపు చాలా దూరం మొక్కజొన్న, సోయా పొలాల మధ్యే వెళ్లాలి. జూలై, ఆగస్టు మధ్యాహ్నాల్లో ఆ భాగం పిల్లలతో వెళ్లడానికి పనికిరాదు. నీళ్లు దొరికే చోట్లు దూరదూరంగా ఉంటాయి, అన్ని స్టేషను చోట్లా కుళాయి ఉండదు. అందుకని ప్రతి మనిషికీ కనీసం రెండు సీసాలు ఉండాలి. టెబెట్స్‌లో బాట పక్కనే మంచాలూ స్నానాల గదులూ ఉన్న చౌక బస ఒకటి ఉంది, దూరం వెళ్లే వాళ్లకు అది పెద్ద ఆసరా. సెయింట్ లూయిస్ కుటుంబాలకు దగ్గరలో ఉన్న వెల్డన్ స్ప్రింగ్, డిఫయన్స్, అగస్టా భాగం అందంలో రోష్‌పోర్ట్ తరువాతి స్థానంలో నిలుస్తుంది, కొండలూ ద్రాక్షతోటలూ కంటికి ఇంపుగా ఉంటాయి. వారాంతాల్లో రద్దీ ఎక్కువ. తూర్పు కొసన ఉన్న మాచెన్స్‌లో చూడడానికి ఏమీ లేదు, 240 మైళ్లూ పూర్తి చేశామనే తృప్తి కావలసిన వారు మాత్రమే అక్కడిదాకా వెళ్లాలి.

శాకాహారులకు ఒక మాట. దారి వెంట ఉన్నవి చిన్న ఊళ్లు, కొన్నింట్లో ఒక్క తిండి హోటలు కూడా ఉండదు, ఉన్న చోట జున్ను శాండ్‌విచ్చో బంగాళదుంప వేపుళ్లో తప్ప దొరకకపోవచ్చు. పులిహోర, పెరుగన్నం, ఆవకాయ కట్టుకుని వెళ్లడమే క్షేమం. స్టేషను చోట్ల నీడా బల్లలూ ఉంటాయి కాబట్టి కూర్చుని తినడానికి ఇబ్బంది లేదు. సైకిళ్లు చాలా ఊళ్లలో అద్దెకు దొరుకుతాయి గాని తీసుకునే ముందు టైర్లు చూసుకోవాలి. ఒకచోట మాకు సన్నటి నున్న టైర్లున్న సైకిళ్లు ఇచ్చారు, ముందు రోజు వాన పడి మెత్తబడిన రాతి పొడిలో చక్రం దిగబడి మా అబ్బాయి అవస్థ పడ్డాడు. వెడల్పు టైర్లు అడిగి తీసుకుంటే ఆ బాధ ఉండదు. బ్యాటరీ సైకిళ్లకు అనుమతి ఉంది, మోటారు బళ్లకు లేదు.

వారెన్స్‌బర్గ్‌లోని సెంట్రల్ మిస్సోరీ విశ్వవిద్యాలయంలో చదివే మన పిల్లల సంఖ్య తక్కువేమీ కాదు. వాళ్లకు దగ్గరగా ఉండేది సెడేలియా నుంచి క్లింటన్ దాకా ఉన్న పశ్చిమ భాగం. ఇక్కడ నది ఉండదు, గడ్డి మైదానాల మధ్య దారి మెల్లగా ఎక్కుతూ దిగుతూ పోతుంది. సెడేలియాలోని 1896 నాటి రాతి స్టేషనును బాగు చేసి మ్యూజియంగా నిలబెట్టారు. కేటీ కంపెనీ ఎలాంటిదో తెలుసుకోవాలంటే అక్కడ ఒక గంట గడపండి. కారు లేని వారికి ఆమ్‌ట్రాక్ వారి మిస్సోరీ రివర్ రన్నర్ రైలు ఉంది. అది కాన్సస్ సిటీ, సెయింట్ లూయిస్ మధ్య నడుస్తూ వారెన్స్‌బర్గ్, సెడేలియా, జెఫర్సన్ సిటీ, హెర్మన్, వాషింగ్టన్‌లలో ఆగుతుంది, సైకిలుకు ముందుగా చోటు కేటాయించుకుంటే దాన్నీ ఎక్కించుకుంటారు. రైలులో వెళ్లి పాత రైలు దారి మీద తిరిగి రావడం ఈ రాష్ట్రంలో దొరికే మంచి ప్రయాణాల్లో ఒకటి. జెఫర్సన్ సిటీలో దిగిన వారు 2011లో తెరిచిన పాదచారుల వంతెన మీదుగా నది దాటి బాటకు చేరుకోవచ్చు.

వెళ్లడానికి అక్టోబరు మధ్య భాగం అన్నిటికంటే మేలు, తరువాత ఏప్రిల్, మే. వసంతంలో బయలుదేరే ముందు ఏ భాగమైనా మూసి ఉందేమో స్టేట్ పార్కుల ప్రకటన తప్పక చూడాలి, ఎందుకంటే రైలును వెళ్లగొట్టిన నది బాటనూ వదలదు. 1993 మహా వరద అప్పటికి తయారైన బాటలో సగానికి పైగా పాడు చేసింది. రాష్ట్రం దాన్ని తిరిగి నిర్మించింది. రైల్వే కంపెనీ లాభనష్టాలు చూసుకుని వదిలేయవలసి వచ్చిన చోట ప్రజల సొమ్ముతో నడిచే సంస్థ నిలబడి మరమ్మతు చేయగలిగింది. ఈ సేవకు నేను ఐదింట నాలుగున్నర ఇస్తాను. ఆ అర మార్కు తగ్గించింది తాగునీటి కొరత వల్లనే.

ఇప్పుడు అదే పని మరో లైను మీద జరుగుతోంది. 1975లో దివాలా తీసి 1980లో ఆగిపోయిన రాక్ ఐలండ్ రైల్వే కంపెనీకి కేటీకి దక్షిణంగా రాష్ట్రం అడ్డంగా సాగే లైను ఒకటి ఉండేది. దానిలో విండ్సర్ నుంచి ప్లెజెంట్ హిల్ దాకా 47 మైళ్లు 2016 డిసెంబరులో బాటగా తెరుచుకున్నాయి. విండ్సర్‌కు తూర్పున ఉన్న మరో 144 మైళ్ల హక్కును 2021 డిసెంబరులో రాష్ట్రం స్వీకరించింది. అది పూర్తయితే రెండు పాత లైన్లూ కలిసి రాష్ట్రాన్ని చుట్టివచ్చే దారి అవుతుంది. ఆ పక్కనున్న రైతులతో ఈసారైనా ముందుగా కూర్చుని మాట్లాడి, కంచెలూ పరిహారాలూ తేల్చుకుని పని మొదలుపెట్టాలని కోరుకుంటున్నాను. తెరిచిన భాగాన్ని చూడదలిచిన వారు విండ్సర్‌లో కేటీ నుంచి మలుపు తీసుకుంటే చాలు. ఆ దారిలో ఊళ్లు ఇంకా తక్కువ కాబట్టి నీళ్లూ తిండీ కేటీకి తీసుకెళ్లే దానికంటే ఎక్కువే సర్దుకోండి.